నమూనా సంతకం కలిసిందా? ఒంగోలు ఆదివారం తరగతులపై సమీక్ష

ఒంగోలు కోర్టు సెంటరుకు దగ్గరలో, ఒక స్టేషనరీ దుకాణం పై అంతస్తులోని హాలులో, సంక్రాంతి వెళ్ళిన తరువాతి ఆదివారం మొదలుకొని ఆరు వారాల పాటు జరిగిన రాజకీయ అధ్యయన తరగతులకు నేను 900 రూపాయల రుసుము చెల్లించి హాజరయ్యాను. డబ్బు పెట్టి కొన్నదాని మంచిచెడ్డలు నలుగురికీ చెప్పడం మర్యాద కనుక, ఇకముందు చేరదలచినవారికి పనికివస్తుందన్న ఉద్దేశంతో ఈ సమీక్ష రాస్తున్నాను. కరపత్రం మీద అచ్చువేసిన అంశం ఇది: “మధ్యేవామ పార్టీ సోషలిజానికి కట్టుబడి ఉందా?” మధ్యేవామం అన్న మాట కొత్తగా తోచేవారు, నడిమికి కాస్త ఎడమగా నిలబడే పార్టీ అని అర్థం చేసుకుంటే చాలు. బ్రిటన్‌లోని లేబర్ పార్టీ, జర్మనీలోని సోషల్ డెమోక్రటిక్ పార్టీ, మన కాంగ్రెస్ ఆ వరుసలోకి వస్తాయన్న లెక్క మీద నిర్వాహకులు పాఠాలు కుదుర్చుకున్నారు.

నేను జాతీయ బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం కొండపి, టంగుటూరు వైపు శాఖల్లో గడిచింది. బ్యాంకుల జాతీయీకరణ జరగకపోతే నా ఉద్యోగం మరోలా ఉండేదన్న సంగతి నాకు తెలుసు కాబట్టి, నా అభిప్రాయాల్లో ఆ మేరకు పక్షపాతం కనిపిస్తే పాఠకులు దాన్ని తీసివేసి చదువుకోవచ్చు. తరగతిలో మేము మొత్తం ఇరవై నాలుగు మందిమి. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న పిల్లలు సగం, ఇద్దరు ముగ్గురు న్యాయవాదులు, కొందరు ఉపాధ్యాయులు, కొండపి నుంచి బస్సులో వచ్చే ఒక పొగాకు రైతు. పాఠం చెప్పినవారు రాజనీతి శాస్త్రం బోధించి రిటైరైన ఒక అధ్యాపకులు. అందరమూ మాస్టారనే పిలిచాము కనుక ఇక్కడా ఆ పేరుతోనే రాస్తాను.

మొదటి ఆదివారం మాస్టారు ఉపన్యాసం ఇవ్వలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 29ఎ సెక్షను జిరాక్సు కాగితం చేతికిచ్చి, అయిదో ఉపసెక్షను గట్టిగా చదవమన్నారు. ఎన్నికల సంఘం వద్ద నమోదు కావాలనుకునే ప్రతి పార్టీ, రాజ్యాంగానికీ, సోషలిజం, లౌకికవాదం, ప్రజాస్వామ్యం అనే సూత్రాలకూ నిజమైన విశ్వాసంతో కట్టుబడి ఉంటానని తన నిబంధనావళిలో రాసుకొని తీరాలన్నది అందులోని మాట. 1989 నుంచి ఈ నియమం అమలులో ఉంది. అంటే మన దేశంలో ఎడమ పక్షమైనా కుడి పక్షమైనా, వ్యాపారులు పెట్టిన పార్టీ అయినా, సోషలిజం మీద ఒట్టు పెట్టుకోకుండా నమోదు కావడానికి వీల్లేదు. హాలంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేలోపే ఆయన ఇంకో కాగితం పంచారు. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగ ప్రవేశికలో చేరిన ‘సోషలిస్టు’ అన్న మాటను తీసివేయాలని కోరిన పిటిషన్లను 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టివేస్తూ, ఇక్కడ సోషలిజమంటే సంక్షేమ రాజ్యమనీ, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదనీ చెప్పిన తీర్పులోని భాగం అది. అందరూ ఒట్టు పెట్టుకునే మాటకు ఒట్టు విలువ ఎంత ఉంటుందన్న ప్రశ్నతో ఆ రోజు తరగతి ముగిసింది. ఇంటికి వెళ్ళేటప్పుడు నా 900 రూపాయలలో సగం అప్పుడే గిట్టినట్టు అనిపించింది.

రెండు, మూడు వారాలు లేబర్ పార్టీకి కేటాయించారు. మొత్తం తరగతుల్లో ఉత్తమమైనవి ఇవే. 1900లో కార్మిక సంఘాల, సోషలిస్టు సంఘాల ప్రతినిధులు కలిసి పెట్టుకున్న కమిటీ 1906లో లేబర్ పార్టీ అయిందనీ, 1918లో సిడ్నీ వెబ్ రాసిన నిబంధనావళిలోని నాలుగో క్లాజు, అంటే నాలుగో నిబంధన, గనులు, ఫ్యాక్టరీల వంటి ఉత్పత్తి సాధనాల ఉమ్మడి యాజమాన్యాన్ని లక్ష్యంగా ప్రకటించిందనీ పుస్తకాల్లో చదివినవాళ్ళకు తెలిసిన విషయాలే. అయితే ఆ క్లాజును సభ్యత్వ కార్డు వెనుక అచ్చువేసేవారన్న సంగతి నాకు కొత్త. మాస్టారు అటువంటి ఒక కార్డు నకలు మా మధ్య తిప్పారు. జేబులో పెట్టుకొని తిరిగే కార్డు మీద ఉన్న మాట, మహాసభలో చదివి బీరువాలో దాచే తీర్మానం కంటే బరువైనదని బ్యాంకు మనిషిగా నాకు అర్థమయింది. ఖాతాదారుడు నియమాలు చదవడు గానీ పాస్‌బుక్కు వెనుక అచ్చువేసిన నాలుగు ముక్కలు చదువుతాడు, తేడా వస్తే అవే చూపించి కౌంటరు దగ్గర దబాయిస్తాడు.

1945లో లేబర్ నాయకుడు అట్లీ ప్రభుత్వం వచ్చిన తరువాత బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బొగ్గు గనులు, రైళ్ళు, విద్యుత్తు, గ్యాసు, చివరికి ఉక్కు ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చిన క్రమాన్ని మాస్టారు పావుగంటలో ముగించి, మిగిలిన సమయమంతా కళ్ళజోళ్ళ మీద గడిపారు. ఇది వినడానికి వింతగా ఉన్నా, ఆయన ఎంపిక సరైనదే. 1948 జులై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో వైద్యం, మందులు, కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు అన్నీ ఉచితం. అంతకుముందు చిల్లర దుకాణాల్లో తట్టలో పోసిన కళ్ళజోళ్ళలో ఏదో ఒకటి పెట్టి చూసుకొని సరిపెట్టుకున్న పేదవాళ్ళు ఒక్కసారిగా వరుస కట్టారు. మూడేళ్ళు తిరగకుండానే, కొరియా యుద్ధం కోసం ఆయుధ వ్యయం పెరగడంతో, 1951 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి గెయిట్‌స్కెల్ కట్టుడు పళ్ళకూ కళ్ళజోళ్ళకూ సగం ఖరీదు రోగులే భరించాలన్నారు. ఆరోగ్య సేవను కట్టి నిలబెట్టిన అన్యూరిన్ బెవాన్ మంత్రి పదవికి రాజీనామా చేశారు. తరువాత ప్రధాని అయిన హెరాల్డ్ విల్సన్ కూడా ఆయనతోపాటు బయటికి వచ్చారు. ఈ కథ చెబుతూ మాస్టారు తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, “దీని ఖరీదులో సగం మీరు కట్టండి అన్నంత మాత్రాన సోషలిజం పోతుందా?” అని అడిగారు. ఒక న్యాయవాది పోదన్నారు, సగం రాయితీ మిగిలే ఉంది కదా అని ఆయన వాదన. వెనుక వరుసలోని ఒక అమ్మాయి పోతుందనీ, ఉచితానికీ సగం ధరకూ మధ్య తేడా డబ్బులో లేదనీ, అడగకుండా అందుకునే హక్కుకూ రాయితీకీ మధ్య ఉన్నదే అసలు తేడా అనీ చెప్పింది. ఇద్దరూ పావుగంటసేపు వాదించుకున్నారు, మాస్టారు ఆపలేదు. చర్చను మధ్యలో తుంచని అధ్యాపకులు అరుదు. ఈ తరగతులకు అదే పెద్ద బలం.

నాలుగో క్లాజును మార్చాలని 1959 ఎన్నికల ఓటమి తరువాత, అప్పటికి పార్టీ నాయకుడైన గెయిట్‌స్కెల్ ప్రయత్నించి విఫలమవడం, 1995 ఏప్రిల్ 29న లండన్‌లో జరిగిన ప్రత్యేక మహాసభలో ఆనాటి నాయకుడు టోనీ బ్లెయిర్ దాన్ని మార్పించడం మూడో వారం పాఠం. కొత్త క్లాజు పార్టీని ప్రజాస్వామిక సోషలిస్టు పార్టీ అని పిలుస్తుంది గానీ ఉమ్మడి యాజమాన్యం ఊసెత్తదు. అధికారంలోకి వచ్చాక అదే పార్టీ 1998లో విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఫీజు పెట్టింది, 1999 ఏప్రిల్‌లో దేశంలో మొదటిసారిగా జాతీయ కనీస వేతనమూ తెచ్చింది. 2024లో తిరిగి గెలిచి, ప్రయాణికుల రైళ్ళను ప్రైవేటు సంస్థల ఒప్పందాలు ముగిసిన కొద్దీ ప్రభుత్వపరం చేసే చట్టం చేసింది. కార్డు మీద మాట ఉన్న రోజుల్లో కళ్ళజోడుకు డబ్బు అడిగిన పార్టీ, మాట తీసేసిన ముప్పై ఏళ్ళకు రైళ్ళను తిరిగి తీసుకుంటోంది. ఈ మెలికను మాస్టారు ఎత్తి చూపారు కానీ, దాని నుంచి ఏమి తేల్చుకోవాలో చెప్పలేదు.

నాలుగో ఆదివారం గురించి ఎక్కువ రాయను. మాస్టారికి జ్వరమని వేరొకరిని పంపారు. ఆయన జర్మనీ, స్వీడన్, ఫ్రాన్స్, స్పెయిన్ దేశాల పార్టీలన్నింటినీ తెర మీద బొమ్మలు వేసి రెండు గంటల్లో చుట్టబెట్టారు. 1959 నవంబరులో జర్మన్ సోషల్ డెమోక్రాట్లు బాడ్ గోడెస్‌బర్గ్‌లో మార్క్సిజాన్ని పక్కనపెట్టి, వీలైనంత పోటీ, అవసరమైనంత ప్రణాళిక అన్న సూత్రానికి వచ్చిన ఘట్టం ఒక్కటే పూర్తి తరగతికి సరిపోయేది. దానికి దక్కింది ఒక్క స్లైడు. మధ్యలో కరెంటు పోయి, ఇన్వర్టరు ఫ్యాన్లకే తప్ప ప్రొజెక్టరుకు లేదని తేలడంతో, మిగిలిన గంటా టీ తాగుతూ కూర్చున్నాము. ఆ రోజు బదులు మరో తరగతి పెట్టమని అడిగితే నిర్వాహకులు నవ్వి ఊరుకున్నారు.

అయిదో వారం కాంగ్రెస్. ఇక్కడ మాస్టారు ఎంచుకున్న ప్రారంభ బిందువు మన ప్రాంతానికి దగ్గరది. 1955 జనవరిలో మద్రాసు పక్కన ఆవడిలో జరిగిన మహాసభలో కాంగ్రెస్ ‘సోషలిస్టు తరహా సమాజం’ తన లక్ష్యమని తీర్మానించింది. ఆ మరుసటి నెలలోనే ఆంధ్ర రాష్ట్రంలో మధ్యంతర ఎన్నికలు. దాదాపు 31 శాతం ఓట్లు తెచ్చుకున్నా కమ్యూనిస్టులకు 196 స్థానాల్లో 15 మాత్రమే వచ్చాయి, కాంగ్రెస్ కూటమికి 146 వచ్చాయి. ఎదుటివాడి అంగట్లో అమ్ముడుపోతున్న సరుకును మన అంగట్లోనూ పెట్టినట్టు ఆవడి తీర్మానం పనిచేసిందన్న వాదన ఉంది. ఓట్లన్నీ ఒక చోట చేరేలా కూటమి కట్టడమే అసలు కారణమన్న వాదనా ఉంది. మాస్టారు రెండూ వినిపించారు. నాకైతే రెండోదే బలంగా తోచింది: 31 శాతం ఓట్లు ఎటూ పోలేదు, ఎదుటి ఓట్లు చీలకుండా కూడుకున్నాయంతే.

1969 జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ, 1971లో రాజభరణాల (పూర్వపు సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా ఇచ్చే సొమ్ము) రద్దు, 1980లో మన ఆంధ్రాబ్యాంకుతో కలిపి మరో ఆరు బ్యాంకుల జాతీయీకరణ, 1991 జులై 24న ఒకే రోజు వెలువడి ప్రైవేటు వ్యాపారానికి తలుపులు తెరిచిన కొత్త పారిశ్రామిక విధానం, మన్‌మోహన్ సింగ్ బడ్జెట్. ఈ వరుసంతా తేదీలతో సహా చక్కగా చెప్పారు గానీ, తేదీలకూ జనానికీ మధ్య ఏమి జరిగిందన్నది చెప్పలేదు. అది నేను కౌంటరు ఇవతల నుంచి చూసినవాణ్ణి. నాలుగు శాతం వడ్డీకి ఇచ్చే అప్పుల పథకం కింద పాడిగేదె కొనిపించి, దాని చెవికి బీమా బిళ్ళ వేయించి, ఆ బిళ్ళ నంబరును లెడ్జరులో రాసుకోవడం నా తొలి ఉద్యోగపు పనుల్లో ఒకటి. గేదె చచ్చిపోతే బీమా సొమ్ముకు రుజువుగా బిళ్ళ ఉన్న చెవి కోసి తెచ్చి బల్ల మీద పెట్టేవారు. ఒకసారి ఒక ముసలమ్మ గుడ్డలో చుట్టి తెచ్చిన చెవి చూసి మా మేనేజరుగారు భోజనం మానేశారు. ఆవడి తీర్మానం పల్లె దాకా వచ్చేసరికి ఆ చెవి రూపంలో వచ్చిందని తరగతిలో నేనంటే పిల్లలు నవ్వారు గానీ, ఆ ముసలమ్మకు అంతకుముందు ఏ బ్యాంకూ అప్పిచ్చి ఉండదు. ఇంకో సంగతి కూడా మాస్టారు వదిలేశారు. 1991లో బ్యాంకుల సంస్కరణల కోసం వేసిన నరసింహం కమిటీ, వ్యవసాయం, చిన్న పరిశ్రమల వంటి ప్రాధాన్య రంగాలకు ఇవ్వాల్సిన 40 శాతం అప్పుల వాటాను 10 శాతానికి కుదించమని సూచిస్తే, సంస్కరణలు తెచ్చిన ఆ ప్రభుత్వమే దానికి ఒప్పుకోలేదు. కాంగ్రెస్ 1991లో సోషలిజాన్ని గోదాట్లో కలిపిందనేవారూ, అసలేమీ మారలేదనేవారూ ఈ ఒక్క వివరం దగ్గర తడబడతారు.

ఆ రోజు తరగతిలో అందరికంటే మంచి ప్రశ్న కొండపి రైతుది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ఆ తరువాత మన రాష్ట్రంలో వేలం పద్ధతి పెట్టిన విషయం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఆయన లేచి ఇలా అన్నారు: “మాస్టారూ, వేలం రాకముందు మా నాయన బేళ్ళు బండికేసుకోని యాపారస్తుడి గోడౌను కాడ పడిగాపులు కాసేవోడు. రేటు ఎంతో ఆయన నోటి నుంచి వస్తేగాని తెలిసేది కాదు. ఇప్పుడు రేటు అందరి ముందరా చెబుతారు, అందరికీ కనపడుద్ది. కనపడుద్ది గానీ పెరగదు. దీన్ని సోషలిజం అనాలంటారా, వద్దంటారా?” మాస్టారు కాసేపు ఆలోచించి, సగం అనొచ్చన్నారు. రైతు మళ్ళీ లేచి, “సగం కళ్ళజోడు మాదిరన్నమాట” అన్నారు. ఆరు వారాల్లో హాలు దద్దరిల్లింది అప్పుడొక్కసారే.

చివరి వారం ప్రకాశం పంతులు గారికి నలభై నిమిషాలే దక్కడం నాకు నచ్చలేదు. వినోదరాయునిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదువుకొని, 1972 నుంచి ఈ జిల్లాకు పేరైన మనిషి గురించి ఒంగోలులో చెప్పకపోతే ఎక్కడ చెబుతారు? 1938లో ఆయన అధ్యక్షతన ఇచ్చిన జమీందారీ విచారణ సంఘం నివేదిక, భూమి జమీందారుది కాదనీ సాగుచేసే రైతుదనీ తేల్చింది. 1951లో ఆయన కాంగ్రెస్‌ను వదిలి, ఆ పార్టీ మాజీ అధ్యక్షుడు కృపలానీతో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీలో చేరారు. అది 1952లో సోషలిస్టు పార్టీతో కలిసి ప్రజా సోషలిస్టు పార్టీ అయింది. 1953లో ఆ పార్టీనీ వదిలి కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. పార్టీ సోషలిజానికి కట్టుబడి ఉందా అని అడిగే తరగతిలో, పార్టీ మారి కూడా మాట నిలుపుకున్నవాడున్నాడా అన్న ప్రశ్న ఇక్కడే రావాలి. మాస్టారు దాన్ని తాకి వదిలేశారు.

ఆఖరి గంట చర్చకు కేటాయించారు కనుక నేను అడగదలచింది అడిగాను. బ్యాంకులో ఖాతా తెరిచినప్పుడు నమూనా సంతకం తీసుకుంటాము. ఏళ్ళు గడిచి చెయ్యి మారినప్పుడు, నిజాయితీపరుడైన ఖాతాదారుడు శాఖకు వచ్చి కొత్త నమూనా ఇచ్చి వెళతాడు. మరికొందరు పాత నమూనా కార్డు అలాగే ఉంచి, చెక్కుల మీద కొత్త సంతకం పెడుతూ పోతారు. గుమాస్తా మొహం చూసి పాస్ చేస్తూ ఉంటాడు. లేబర్ పార్టీ 1995లో బహిరంగంగా కొత్త నమూనా ఇచ్చింది. కాంగ్రెస్ నిబంధనావళి మొదటి అధికరణంలో, పార్లమెంటరీ ప్రజాస్వామ్యం ఆధారంగా సోషలిస్టు రాజ్య స్థాపన లక్ష్యమన్న పాత నమూనా అలాగే ఉంది. 1991 తరువాత రాసిన చెక్కుల మీద సంతకం వేరు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ నిజాయితీ అని అడిగాను. మాస్టారు, “మీరు ఏ చెక్కు పాస్ చేస్తారు?” అని నన్నే ఎదురడిగి తప్పించుకున్నారు. ఉద్యోగంలో ఉంటే నేను రెండో చెక్కు తిప్పి పంపేవాణ్ణి. అయితే ఒక మినహాయింపు చెప్పాలి: పాత నమూనా కార్డు ఉండడం వల్లనే సంతకం కలవలేదని నిలదీసే అవకాశం మిగిలింది. కొత్త నమూనా ఇచ్చినవాణ్ణి ఏమనగలం? 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో కాంగ్రెస్ ఆధ్వర్యంలోని ప్రభుత్వం తెచ్చిన ఉపాధి హామీ పథకం మొదలైనప్పుడు, పాత కార్డును గుర్తుపెట్టుకున్నవారెవరో పార్టీలో ఇంకా ఉన్నారనిపించింది. ఆ ఒక్కదాని వల్ల నేను మాట నిలబెట్టుకున్నారని అనను గానీ, పూర్తిగా మరిచారనీ అనలేను.

ఇక వసతుల సంగతి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి ఒక పక్కే కమ్మీ ఉంది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఆలోచించుకొని చేరాలి. మంచినీళ్ళ క్యాను ఎప్పుడూ నిండుగా ఉంది, టీ బాగుంది. నోట్సు జిరాక్సుల్లో ఎడమ అంచు తెగిపోయి ప్రతి వరుసలోనూ మొదటి రెండక్షరాలు ఊహించుకోవాల్సి వచ్చింది. సోషలిజం పాఠంలో ఎడమవైపే కత్తిరింపు పడిందని ఎవరో అన్నారు కూడా. ఆఖరి రోజు నిర్వాహకులు అల్లూరయ్య మైసూర్‌పాక్ తెప్పించి పంచారు, నాలుగో వారం మీద కోపం కొంత దానితో కరిగింది. పరీక్షలకు చదివే పిల్లలు ఇందులో బిట్లు దొరుకుతాయని ఆశించవద్దు. తీరుబడి ఉండి, వాదించడం ఇష్టమున్నవారికి 900 రూపాయలు ఎక్కువ కాదు. రెండో విడత తరగతులు ఉగాది తరువాత మొదలవుతాయని చెప్పారు. ఈసారి ప్రకాశం గారికి రెండు వారాలు ఇస్తానని మాస్టారు మాటిచ్చారు కాబట్టి పేరు రాయించి వచ్చాను. రశీదు ఇచ్చేటప్పుడు ఆయన సంతకం తేదీతో సహా తీసుకున్నాను.